నాన్న, నేను, పాత వ్యాను గొట్టాలు

బండికి హీటరు ఉంటుందని చెబితే మన పల్లెల్లో నవ్వేవారే ఎక్కువ. మే నెలలో పల్నాటి ఎండకు నిలబెట్టిన జీపు తలుపు ముట్టుకుంటేనే చేయి చురుక్కుమంటుంది. ఇంక లోపలికి వేడి గాలి కూడానా అని మీరనుకోవచ్చు. నేను నర్సు ఉద్యోగం మీద ఇంగ్లాండు వచ్చి, లీడ్స్ పట్టణంలో కాపురముంటున్నాను. ఇక్కడ నవంబరు నుండి మార్చి వరకు హీటరు లేకుండా బండి నడపడం కష్టమే కాదు, ప్రమాదం కూడాను. లోపల కూర్చున్నవారి ఊపిరి ముందు అద్దానికి ఆవిరిగా పట్టి, రోడ్డు కనబడదు. వేడి గాలి అద్దానికి తగులుతూ ఉంటేనే ఆ ఆవిరి విడిపోతుంది. అందుచేత ఈ దేశంలో హీటరు సుఖానికన్నా ముందు చూపుకు అవసరం.

ఆ వేడికి వేరే ఖర్చు లేదు. ఇంజనులో కాలిన పెట్రోలు వేడిలో చక్రాలు తిప్పడానికి పనికివచ్చేది మూడో వంతుకు మించదు. మిగిలినదంతా సైలెన్సరు గుండా, రేడియేటరు గుండా గాలిలో కలిసిపోతుంది. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీళ్లలో కొంత భాగాన్ని చిన్న రబ్బరు గొట్టాల గుండా మళ్లించి, డాష్‌బోర్డు వెనుక దాచిన ఒక బుల్లి రేడియేటరులోనికి పంపుతారు. దాని వెనుక ఫ్యాను తిరుగుతుంది. అంతే హీటరు. ఈనాడు మన దేశంలో అమ్ముతున్న ఏ.సి. కార్లలో కూడా చాలావాటికి ఈ ఏర్పాటు ఉన్నది, వాడేవారు లేరు గాని. ఘాటు రోడ్డులో ఇంజను వేడి ముల్లు పైకి పోతున్నప్పుడు ఏ.సి. ఆపి, హీటరు పూర్తిగా తిప్పి చూడండి. లోపల కూర్చున్నవారికి చెమటలు పడతాయి గాని, ఇంజనుకు రెండో రేడియేటరు దొరికినట్టవుతుంది. క్షేమంగా బండి ఆపుకునే చోటు వరకు అది సాయపడుతుంది.

మా బండి సంగతి చెప్పాలి. అది 1986లో తయారైన ఫోక్స్‌వాగన్ వ్యాను. వెనుక పడుకోవడానికి పరుపు, మూలగా రెండు పొయ్యిలు, చేతులు కడుక్కునే తొట్టి అమర్చి ఉన్నాయి. ఇలాంటి వాటిని ఇక్కడ క్యాంపరు వ్యాను అంటారు. మా వారు 2019లో ఒక పెద్దాయన దగ్గర కొన్నారు. ఆ కంపెనీ వ్యాన్లకు మొదటి నుండి ఇంజను వెనుక ఉండేది. 1982 వరకు పెట్రోలు ఇంజన్లను గాలితోనే చల్లబరచేవారు. ఆ తరువాత వాటిని నీళ్లతో చల్లబరచే ఏర్పాటు వచ్చింది. ఇంజను వెనుకనే ఉండిపోయింది, రేడియేటరేమో ముందుకు వచ్చింది. కనుక నీళ్లు వ్యాను అడుగున ఈ కొస నుండి ఆ కొసకు ప్రయాణం చేయాలి. చిన్న కారులో 5, 6 లీటర్లు పట్టేచోట దీనిలో సుమారు 17 లీటర్లు పడతాయి. హీటర్లేమో రెండు. ఒకటి ముందు, ఒకటి వెనుక సీటు కింద. వీటి గొట్టాలు కొన్ని మూరల పొడవున, కొన్ని జానెడు చొప్పున వ్యాను అడుగునా సీట్ల కిందా పాకి ఉంటాయి. మేము లెక్కపెడితే హీటర్లకు సంబంధించినవే 9 ముక్కలు తేలాయి. ఒక్కటైనా కంటికి ఎదురుగా ఉండదు.

నాన్న 2022 ఆగస్టులో మా దగ్గరకు వచ్చారు. ఆరు నెలల వీసా. అమ్మ ప్రభువునందు నిద్రించి రెండేళ్లయింది, ఊళ్లో ఒక్కరే ఉంటున్నారు. వయస్సులో ఉండగా నరసరావుపేట నుండి గుంటూరు యార్డుకు మిరపకాయల లారీ నడిపారు. తరువాత పాతికేళ్లు మిషను ఆసుపత్రి జీపు తోలారు. నడపడమే కాదు, దాని మంచిచెడ్డలన్నీ ఆయనే చూసుకునేవారు. అలాంటి మనిషి మా ఇంటికి వచ్చాక చేతులు ఒడిలో పెట్టుకొని కిటికీ పక్కన కూర్చునేవారు. పొద్దున్నే మేమిద్దరం పనికి, పిల్లలు బడికి పోతే, సాయంత్రం నాలుగింటికే చీకటి పడే ఊళ్లో ఆయనకు భాష తెలియదు, పని లేదు. టీ పెట్టుకోవడానికి కూడా నన్ను అడిగేవారు. "ఇక్కడ నేను చేసేదేముంది తల్లీ, తినడం, పడుకోవడం" అన్నారొకసారి. కూతురికి ఆ మాట ఎలా ఉంటుందో మీకు చెప్పనవసరం లేదు.

లోపం కనిపెట్టింది ఆయనే. నవంబరులో ఒక ఆదివారం ఆరాధన ముగించుకొని ఇంటికి వస్తుండగా, "ఏమ్మా, బండిలో బెల్లం పాకం కాచినట్టు వాసన వస్తోందే" అన్నారు. మాకు రోజూ అలవాటైపోయి తెలియలేదేమో గాని, ఆయన అన్న తరువాత మాకూ వచ్చింది. ఇంటికి చేరాక ముందు అద్దానికి లోపలి వైపు వేలితో గీసి చూపించారు. జిడ్డు. డ్రైవరు కాళ్ల దగ్గర చాప ఎత్తితే అడుగున తడి. వాన నీరైతే ఆరిపోతుంది, ఇది జిగటగా ఉంది.

చలి దేశాలలో ఇంజనులో ఒట్టి నీళ్లు పోయరు. గడ్డకట్టి ఇంజనునే పగలగొడతాయి గనుక, ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవం కలుపుతారు. సగానికి సగం కలిపితే సున్నాకు 35 డిగ్రీల దిగువన కూడా గడ్డకట్టదు. దానికి తీపి రుచి ఉంది. ఆ తీపికి ఆశపడి పిల్లులు, కుక్కలు నాకి చనిపోతుంటాయి. మన ఊళ్లలో కూడా ఇప్పుడు కార్లకు, ట్రాక్టర్లకు ఈ కూలెంటు పోస్తున్నారు కాబట్టి తల్లులకు ఒక మాట. రంగురంగుల ఆ డబ్బా పిల్లలకు షర్బత్తులా కనిపిస్తుంది. కొద్దిగా మింగినా మూత్రపిండాలు పాడై ప్రాణం మీదికి వస్తుంది. దానిని వంటింటి దరిదాపుల్లో ఉంచకండి, ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో అసలే పోయకండి.

ఇంక మా వ్యాను. గ్యారేజీకి ఫోను చేస్తే జనవరి దాకా ఖాళీ లేదన్నారు. వారు చెప్పిన కూలి వింటే వ్యాను అమ్మేద్దామా అనిపించింది మా వారికి. కాని మాకు ఆ వ్యానుతో పని ఉంది. గ్లాస్గోలో ఉన్న మా చెల్లికి డిసెంబరు నెల మధ్యలో కాన్పు అని చెప్పారు. నాన్నకు నడుము నొప్పి, గంటకు మించి కూర్చోలేరు. రైలులో నాలుగైదు గంటలు కూర్చోబెట్టడం కష్టం. వ్యానులో అయితే ఆగిన చోటల్లా వెనుక పరుపు మీద నడుము వాల్చవచ్చు, ఆ పరుపు పక్కనే వెనుక హీటరు ఉంది. జనవరి నెలాఖరుకు ఆయన తిరిగి వెళ్లాలి. మనవరాలినో మనవడినో చూడకుండా వెళ్తే, మళ్లీ ఇంత దూరం రాగలరో లేదో.

"గ్యారేజీ ఎందుకమ్మా" అన్నారు నాన్న. "హీటరుకు పోయే గొట్టం, వచ్చే గొట్టం రెండూ పీకి, ఈ మూతికి ఆ మూతి కలిపి క్లిప్పు వేసేస్తే అయిపోయె. హీటరు దగ్గరకు నీళ్లే పోనప్పుడు ఇంక కారేదేముంది?"

మన దగ్గర మేస్త్రీలు చేసే పని అదే, మన వాతావరణానికి తప్పు కూడా కాదు. "మరి అద్దం మీద ఆవిరి ఎలా పోతుంది నాన్నా? గుడ్డ పెట్టి తుడుస్తూ నడపాలా?" అన్నాను.

"వానలో వైపరు పనిచేయకపోతే మేం అద్దానికి పొగాకు రుద్ది నడపలేదా?"

"అప్పుడు మీ పక్కన పసిపిల్లలు లేరుగా" అన్నాను. ఆయన కాసేపు ఊరుకొని, "సరే, అయితే కారే గొట్టం ఒక్కటీ మార్చుదాం. మిగతావి నిక్షేపంగా ఉన్నాయి కదా, డబ్బు దండగ" అన్నారు. నేనేమో తొమ్మిదీ మార్చాలని పట్టుబట్టాను. ఆ రాత్రి భోజనాల దగ్గర ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. మా వారు మాత్రం ఎవరి పక్షమూ చేరకుండా పప్పు వడ్డించుకున్నారు. ఇలాంటి విషయాల్లో ఆయనది చాలా తెలివైన మనస్సు.

మర్నాడు శనివారం. బండి ముందు భాగం జాకీతో ఎత్తి, ఇనుప స్టాండ్ల మీద నిలిపి, వెనుక చక్రాలకు దిమ్మలు వేశాము. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందికి దూరకూడదని నాన్న నాకు నా చిన్నతనం నుండి చెప్పినదే. లారీల కింద పోయినవారిని ఆయన చూశారు. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే మూత తీశాము. ఈ వ్యవస్థలో నీళ్లు సుమారు 1 బార్ ఒత్తిడిలో ఉంటాయి. ఆ ఒత్తిడి వలన అవి నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. వేడి మీద మూత తిప్పిన మరుక్షణం ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి.

నర్సును కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. మన ఊళ్లో ట్రాక్టరు రేడియేటరు మూత తీసి కాల్చుకున్నవారు ప్రతి ఊరికీ ఒకరుంటారు. కాలిన చోట టూత్‌పేస్టు, సిరా, కోడిగుడ్డు సొన, వెన్న పూయడం ఇప్పటికీ పోలేదు. అవేమీ వద్దు, మంచు గడ్డ కూడా వద్దు. ధారగా పడే చల్లని నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. గడియారం చూసి 20 నిమిషాలు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసేయండి. చర్మానికి అంటుకున్న బట్టను మాత్రం లాగకండి. తరువాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ ఒక్క పని చేసిన రోగికీ చేయని రోగికీ తేడా నేను కళ్లారా చూశాను.

పాత కూలెంటును తొట్లలోకి దించి డబ్బాలకు ఎత్తాము. కాలువలో పారబోయకూడదు. మున్సిపాలిటీ వారి చెత్త కేంద్రంలో అప్పగించాలి. నాన్నను చల్లని నేల మీద పడుకోవద్దని, స్టూలు మీద కూర్చొని చెబుతూ ఉండమని ప్రాధేయపడ్డాను. పావుగంట కూర్చున్నారు. నేను పానా తెచ్చేలోగా పాత దుప్పటి పరచుకొని బండి కింద ఉన్నారు. నడుము నొప్పి ఎక్కడికి పోయిందో!

మొదటి గొట్టం ముందు హీటరు మూతికి అతుక్కుపోయి ఉంది. పట్టకారుతో పట్టి మెలితిప్పబోయాను. "ఆగాగు" అన్నారు. "ఆ మూతి ఇనుమా, ప్లాస్టిక్కా?" ప్లాస్టిక్కే. ముప్ఫై ఆరేళ్ల నుండి వేడికి మగ్గి బిస్కెట్టులా ఉంది. అది విరిగితే డాష్‌బోర్డు మొత్తం ఊడదీసి హీటరు పెట్టెనే మార్చవలసి వస్తుంది, వారం రోజుల పని. "పారేసే గొట్టానికి మర్యాద దేనికి? కోసెయ్" అన్నారు. బ్లేడుతో గొట్టం పొడవునా, మూతికి గాటు పడకుండా సన్నగా చీరి, అరటి దొప్ప విప్పినట్టు విప్పాము. ఒక్క లాగుడు లేకుండా వచ్చేసింది. ఈ పని చేయాలనుకునే వారెవరికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే. ఏ పుస్తకంలోనూ ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు నాకు.

చీరిన గొట్టం లోపలి భాగం చూశాక మా రాత్రి వాదన తేలిపోయింది. పైకి నల్లగా, నున్నగా, వంచితే వంగుతూ నిక్షేపంగా ఉన్న గొట్టానికి, లోపల క్లిప్పు దగ్గర నుండి నిలువుగా పగుళ్లు. గోరు పెడితే దిగుతున్నాయి. రబ్బరు అంటే ఎండకు పైన బీటలు వారడమే మనకు తెలుసు. ఈ గొట్టాలలో జరిగేది వేరు. కూలెంటు, దానికి తగిలే ఇంజను లోహం, గొట్టం రబ్బరు మూడూ కలిసి చిన్న బ్యాటరీలాగా పనిచేసి, సన్నని విద్యుత్తు పుట్టి, రబ్బరును లోపలి నుండే తినేస్తాయి. అదీ ఎక్కువగా రెండు చివరల దగ్గర. అందుకని గొట్టాన్ని చూసి కాక, పట్టి తెలుసుకోవాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు చివర నుండి రెండంగుళాల లోపల బొటనవేలితో నొక్కితే, బాగున్న గొట్టం అంతటా ఒకేలా ఉంటుంది. లోపల చీలినది ఆ చోట మెత్తగా, కాలువ పడినట్టు తగులుతుంది.

నాన్న ఆ ముక్కను వెలుతురులోకి తెచ్చుకొని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. తరువాత ఆయనే మిగిలిన గొట్టాలు ఒక్కొక్కటే నొక్కుతూ వచ్చారు. తొమ్మిదింటిలో ఐదు అలాగే ఉన్నాయి. "జీపు గొట్టం ఎప్పుడూ ఘాటు మీదే ఎందుకు పేలేదో ఇప్పుడు తెలిసిందమ్మా" అన్నారు. దోర్నాల నుండి శ్రీశైలం వైపు ఎక్కుతూ, లోపల రోగులను పెట్టుకొని, సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి బండిని దింపుకొచ్చిన రాత్రుల గురించి అప్పుడు చెప్పారు. ఇంట్లో ఎన్నడూ చెప్పని సంగతులు. ఒక గర్భిణి స్త్రీ వెనుక ఉండగా రేడియేటరులో పోయడానికి వాగు నీళ్లు మోసిన కథ వింటూ నేను పానా పట్టుకొని అలాగే నిలబడిపోయాను. తల్లీ బిడ్డా దక్కారట. ఆ బిడ్డకు పెండ్లి కూడా అయిందట.

కొత్త గొట్టం కొనేటప్పుడు హీటరు కోసం చేసినదే కొనాలి. లోపల నూలు అల్లిక ఉన్నది. తోటకు నీళ్లు పెట్టే పైపు లావు సరిపోయినా ఈ వేడికీ ఒత్తిడికీ నిలవదు. తిన్నగా పోయేచోట మూరల లెక్కన కొన్నది చాలు. మలుపు ఉన్నచోట మాత్రం ఆ వంపుతో పోతపోసిన గొట్టమే కావాలి, లేకపోతే మడత పడి నీళ్లు ఆగిపోతాయి. మూడు గొట్టాలు కలిసే ప్లాస్టిక్ టీ ముక్కలు రెండు పట్టుకుంటేనే పొడి అయ్యాయి. వాటి స్థానంలో ఇత్తడివి వేశాము. ఎక్కించేటప్పుడు గొట్టం చివరను వేడినీళ్లలో ముంచి, మూతికి సబ్బు నీళ్లు రాశాము. గ్రీజు, నూనె రాయకూడదు, ఈ రకం రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది.

స్క్రూతో బిగించే ఆ గుండ్రటి క్లిప్పు మీకందరికీ తెలుసు, మన పొలాల్లో మోటారు పైపులకు కూడా అదే. దానిని కనిపెట్టింది లమ్లీ రాబిన్సన్ అనే ఇంగ్లీషు నౌకాదళపు అధికారి. 1921లో పేటెంటు వచ్చింది. నూరేళ్లు దాటినా దానిని మించినది రాలేదని చాలామంది అంటారు గాని, నా అభిప్రాయం వేరు. బలం ఉంది కదా అని బిగించుకుంటూ పోతే రబ్బరును కోసేస్తుంది. మూతికి చివర ఉబ్బెత్తుగా ఒక అంచు ఉంటుంది. క్లిప్పు ఆ అంచు దాటి లోపలికి కూర్చోవాలి, గొట్టం కొసన కాదు. రబ్బరు కొద్దిగా ఉబికినట్టు కనిపించగానే చేయి ఆపాలి.

పాత గొట్టాలను పారవేయబోతే నాన్న ఒప్పుకోలేదు. బాగున్న ముక్కలు జానెడు చొప్పున కోసి, నిలువునా చీరి, కొత్త గొట్టం ఇనుప రేకు అంచుకు రాసుకునే చోటల్లా తొడుగులా వేసి తీగతో కట్టారు. పక్కింటి ఇంగ్లీషు పెద్దాయన గోడ మీదుగా చూస్తూ ఉన్నారు. ఆయనకు తెలుగు రాదు, నాన్నకు ఇంగ్లీషు రాదు. అయినా ఇద్దరూ ఆ తొడుగు గురించి పావుగంట మాట్లాడుకున్నారు. సాయంత్రానికి ఆయన తన గ్యారేజీ నుండి బల్బు దీపం, తీగ తెచ్చి మా బండి కింద వేలాడదీశారు.

పని మూడు శనివారాలు పట్టింది. గొట్టాలు ఎక్కించడం ఒక ఎత్తయితే, గాలి తీయడం ఇంకొక ఎత్తు. ఇంజను వెనుక, రేడియేటరు ముందు, మధ్య అంత పొడవు గొట్టాలు. ఎక్కడో ఒకచోట గాలి బుడగ చిక్కుకొని నీళ్లను అడ్డగిస్తుంది. అందుకే బండి ముందు భాగం ఎత్తిపెట్టి, రెండు హీటర్లూ తెరచి, నీళ్లు పోస్తూ, ఇంజనును నిమిషానికి 2000 చుట్ల వేగంలో ఉంచి, రేడియేటరు నెత్తిన ఉన్న చిన్న స్క్రూ వదులు చేయాలి. మొదట బుస్సుమని గాలి, తరువాత నురుగు, చివరకు బుడగ లేని ధార. ఆ ధార వచ్చినప్పుడు బిగించాలి. నేను యాక్సిలరేటరు తొక్కుతుంటే నాన్న స్క్రూ దగ్గర నిలబడి చేయి పైకెత్తి సైగ చేశారు.

తరువాత ఆయన వెనుక హీటరు గొట్టాలు రెండింటి మీద రెండు చేతులూ వేసి కళ్లు మూసుకున్నారు. "ఒకటి వేడి, ఒకటి చల్లన. ఇంకా గాలి ఉంది" అన్నారు. మళ్లీ మొదలుపెట్టాము. మూడోసారికి రెండు గొట్టాలూ సమానంగా వేడెక్కాయి. పరీక్ష అదే, యంత్రాలేమీ అక్కరలేదు. మర్నాడు కొంత దూరం నడిపి, చల్లారాక క్లిప్పులన్నీ మళ్లీ ఒక చుట్టు చూసుకున్నాము. రబ్బరు వేడికి కుదురుకుంటుంది గనుక ఆ రెండోసారి చూడడం మానకూడదు.

డిసెంబరు రెండో వారంలో దేశమంతా చలి బిగుసుకుంది. పగలు కూడా సున్నా దాటని రోజులు. చెల్లికి నొప్పులు మొదలైనట్టున్నాయని ఫోను వచ్చినప్పుడు రాత్రి తొమ్మిదయింది. ప్రార్థన చేసుకొని బయలుదేరాము. లీడ్స్ నుండి గ్లాస్గోకు సుమారు 350 కిలోమీటర్లు. స్కాచ్ కార్నర్ దగ్గర మలుపు తిరిగి, ఏ 66 రోడ్డు మీద స్టెయిన్‌మోర్ గుట్టలు దాటి పెన్రిత్ చేరాలి. చలికాలంలో మంచుకు ఊరకే మూసివేసే రోడ్డు అది. ఆ రాత్రి తెరచే ఉంది. రెండు ప్రక్కలా తెల్లగా, మధ్యలో నల్లటి దారి. మా వారు నడుపుతున్నారు. అద్దం మొదటి నుండి చివరి వరకు స్పష్టంగా ఉంది, జిడ్డు లేదు, బెల్లం వాసన లేదు. గుట్ట ఎక్కుతున్నంతసేపూ నేను వేడి ముల్లునే చూస్తున్నాను. అది కదలలేదు.

ఆగినప్పుడల్లా నాన్న పరుపు మీద నడుము వాల్చారు. బండి కదిలితే సీటులో బెల్టు పెట్టుకొని, కాళ్లు హీటరు వైపు చాపుకున్నారు. సరిహద్దు దాటాక వెనుక నుండి మాట వినబడింది: "అమ్మా, ఈ వెనుకది కొంచెం తగ్గించుకోవచ్చా? స్వెట్టరులో ఉడికిపోతున్నాను."

చెల్లికి తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. మేము చేరేసరికి బిడ్డకు రెండు గంటల వయస్సు. నాన్న చేతులు మూడుసార్లు కడుక్కొని, గోళ్ల సందుల్లో ఇంకా మిగిలిన నలుపు చూసుకొని, తువ్వాలు మీద బిడ్డను అందుకున్నారు.

జనవరిలో ఆయన ఊరు వెళ్లిపోయారు. ఇప్పుడు ఫోను చేస్తే మొదట పిల్లల సంగతి, తరువాత బండి సంగతి అడుగుతారు. వ్యాను చేతి పెట్టెలో ఆయన రాసి ఉంచిన చిన్న నోటుపుస్తకం ఉంది. ఏ గొట్టం ఎన్ని అంగుళాలు, ఎక్కడ ఏ క్లిప్పు, ఏ క్లిప్పుకు ఏ వైపు నుండి చేయి పడుతుంది, అన్నీ తెలుగులో, ముత్యాల్లాంటి అక్షరాలతో. చివరి పేజీలో "పదేళ్లకు అన్నీ మళ్లీ మార్చవలెను" అని రాసి, కింద గీత గీసి తేదీ వేశారు: 2032 నవంబరు.